ఏ పాట ఎత్తినా సిద్ధమే

కచేరీలో తాను ఏం పాడబోతున్నాడో గాయకుడికి తెలుసు. మృదంగం వాయించేవారికి తాళం, నడక చిక్కితే చాలావరకు దారి దొరుకుతుంది. మధ్యలో ఇరుకున పడేది వయొలిన్ విద్వాంసుడే. కర్ణాటక సంగీతంలో కూర్చుని రిహార్సల్ వేసుకునే అలవాటు తక్కువ. పాటల జాబితా ముందుగా తెలిసినా, సభ తీరును బట్టి అది వేదిక మీదే మారిపోవచ్చు. గాయకుడికి తన పాటలు వస్తే చాలు. వయొలినిస్టుకు మాత్రం పాడేవాళ్లందరి పాటలూ రావాలి.

ఆ పద్దు చిన్నదేం కాదు. ముందు వర్ణాలు, అవీ రెండు కాలాల్లో. పచ్చిమిరియం ఆదియప్పయ్య భైరవిలో కట్టిన అట తాళ వర్ణం ‘విరిబోణి’ చేతికి పట్టనిదే పక్కవాద్యానికి కూర్చోవడం కష్టం. తర్వాత త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి. త్యాగరాజువే దాదాపు 700 కృతులు దొరుకుతున్నాయి. ఆపైన స్వాతి తిరునాళ్, పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్, పాపనాశం శివన్. చివర్లో పాడే తుక్కడాల్లో పురందరదాసు పదాలు, అన్నమయ్య, రామదాసు కీర్తనలు, క్షేత్రయ్య పదాలు, జావళీలు, తిల్లానాలు. పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో అందరితో కలిసి వాయించాల్సిన ఘనరాగ పంచరత్నాలు సరేసరి.

లెక్క ఇక్కడితో తెగదు. ఒకే కృతిని ఒక్కో గురుపరంపర ఒక్కోలా పాడుతుంది. ఒకరి పాఠంలో పల్లవికి నాలుగు సంగతులుంటే మరొకరి పాఠంలో ఎనిమిది ఉండవచ్చు. ఒకచోట అనుపల్లవి పంచమం మీద ఆగితే, ఇంకొకచోట పై షడ్జం తాకి వస్తుంది. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ శిష్యుల పక్కన కూర్చున్నప్పుడు ఆ పాఠం, శెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ శిష్యుల పక్కన కూర్చున్నప్పుడు ఈ పాఠం వేళ్లలోంచి రావాలి. తాను నేర్చుకున్న పాఠమే గొప్పదని పట్టుబట్టిన పక్కవాద్యగాడిని మళ్లీ ఎవరూ పిలవరు. రావడం ఎంత ముఖ్యమో, అవసరమైతే వచ్చినదాన్ని పక్కన పెట్టడం కూడా అంతే ముఖ్యం. ఈ రెండోదే కష్టమైన విద్య అనిపిస్తుంది.

వయొలిన్‌కు మాటల్లేవు కదా, సాహిత్యం వస్తే ఏమిటి, రాకపోతే ఏమిటి? కమాను దగ్గర ఆ తేడా తెలుస్తుంది. గాయకుడు ఏ అక్షరం దగ్గర మాట ఎత్తుకుంటాడో సరిగ్గా అక్కడే కమాను తిరగాలి. దీర్ఘాన్ని సాగదీస్తే కమాను తెగకుండా సాగాలి. సాహిత్యం తెలియని చేతిలో పదం నడుమ విరిగిపోతుంది. తెలుగు తెలిసిన శ్రోతకు అది ఇట్టే పట్టుబడుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడని తంజావూరు విద్వాంసులు త్యాగరాజ సాహిత్యాన్ని అక్షరం పొల్లుపోకుండా నేర్చుకోవడానికి భక్తితో పాటు ఇదీ ఒక కారణం. లాల్గుడి జయరామన్ గాయకీ బాణీకి అంత పేరు రావడానికి మూలం కూడా ఇక్కడే ఉంది. ఆయన వాయిస్తుంటే విన్నవాళ్లకు మాటలు వినపడేవి.

ఈ పనికి వయొలిన్ అంత బాగా కుదరడం వెనక దాని నిర్మాణం ఉంది. వీణకున్నట్టు మెట్లుండవు కాబట్టి వేలు స్వరం నుంచి స్వరానికి జారగలదు. మన సంగీతానికి ప్రాణమైన గమకం, జారు అలా పలుకుతాయి. పాశ్చాత్యులు దాన్ని భుజం మీద పెట్టి గడ్డంతో అదిమి పట్టుకుంటారు. మనవాళ్లు నేల మీద కూర్చుని వాద్యం తలను కుడి పాదం మీద ఆనించి, రెండో కొసను ఎడమ రొమ్ముకు, భుజానికి మోపుతారు. దాంతో మోసే భారం తప్పి ఎడమ చేయి ఖాళీ అవుతుంది, తీగ పొడవునా స్వేచ్ఛగా తిరుగుతుంది. శ్రుతి చేసే తీరూ మారింది. నాలుగు తీగలూ షడ్జ పంచమాలకే, స ప స ప అని, కడతారు. పురుషులు పాడే కచేరీలో శ్రుతి ఒకటి, ఒకటిన్నర దగ్గర ఉంటే, స్త్రీలు పాడినప్పుడు ఐదు, ఐదున్నరకు వెళుతుంది. మొన్న ఒక శ్రుతిలో వాయించిన కల్యాణిని ఈరోజు ఇంకో శ్రుతిలో, బిగుతు మారిన తీగల మీద, అదే నిండుదనంతో పలికించాలి.

ఇదంతా సుమారు రెండు శతాబ్దాల కథ. దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసులో ఐరోపా సంగీతకారుడి వద్ద ఈ వాద్యం నేర్చి మన సంగీతానికి మలిచాడు. తంజావూరు సోదరుల్లో చిన్నవాడైన వడివేలుకు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు వయొలిన్ బహూకరించాడు. ఐరోపా సంగీతంతో కలిగిన పరిచయం ముత్తుస్వామి దీక్షితుల రచనల్లో నొట్టుస్వరాలుగా, అంటే పాశ్చాత్య వరుసలకు కట్టిన పాటలుగా, మిగిలింది. వాటిలో ‘సంతతం పాహిమాం’ వరుస బ్రిటిష్ వారి రాజగీతానిదే. ఇప్పటికీ వయొలినిస్టులు కచేరీ చివర్లో సరదాగా ఒక నొట్టుస్వరం వాయిస్తుంటారు.

అసలు పరీక్ష రాగం తానం పల్లవి దగ్గర. పల్లవి ఒకే ఒక్క వాక్యం. గాయకుడు దాన్ని అరుదైన తాళంలో, సమం మీద కాకుండా ఎక్కడో పక్క నుంచి ఎత్తుకోవచ్చు. ఒక్కసారి వినగానే ఎత్తుగడ, నడుమ విరామమైన అరుది ఎక్కడున్నాయో పక్కవాద్యగాడు పట్టుకోవాలి. వెంటనే దాన్ని తిరిగి వాయించాలి. నెరవులో అతని వెనకే నడవాలి. కల్పనస్వరాల్లో జవాబు చెప్పాలి. ముందే కంఠతా పట్టి సిద్ధం చేసుకునే వీలు ఇక్కడ ఉండదు.

ఆంధ్రలో మరో బడి కూడా ఉండేది. హరికథకు వయొలిన్, మృదంగం పక్కవాద్యాలు. కథకుడు కీర్తన నుంచి పద్యంలోకి, పద్యం నుంచి వచనంలోకి దూకుతాడు. తాళం లేని పద్యం రాగంలో తేలుతుంటే కమాను ఆగకుండా వెంట రావాలి. ఇలాంటి హరికథా వాతావరణంలో వెలిగినదే విజయనగరం మహారాజా సంగీత కళాశాల. అప్పట్లో ఆదిభట్ల నారాయణదాసు దానికి అధ్యక్షులు. బెంగుళూరులో పుట్టి విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1919లో అక్కడ వయొలిన్ ఆచార్యులయ్యారు, 1936లో అధ్యక్షులయ్యారు. ఆయన పాశ్చాత్య సంగీతాన్ని కూడా చెవి పెట్టి వినేవారు. కమానుతో తీసిన నాదంలో ఆ శ్రద్ధ తెలుస్తుంది. 1938లో వేలూరులో సోలో కచేరీ చేసి, పక్కవాద్యం ఒక సభను మొదటి నుంచి చివరి దాకా నడపగలదని చూపించారు. 1952లో భారతదేశం వచ్చిన యెహుదీ మెనూహిన్ కూడా ఆయన వాద్యం విన్నారు.

సోలోలో జాబితా తనదే అయినా సుఖం దక్కదు. పాట వెనక దాక్కోవడం ఉండదు కాబట్టి ఎవరి దారి వారు వెతుక్కున్నారు. లాల్గుడి సొంతంగా వర్ణాలు, తిల్లానాలు రచించారు. వాటిని ఇప్పుడు గాయకులూ నర్తకులూ కూడా వాడుకుంటున్నారు. ఎం.ఎస్. గోపాలకృష్ణన్ కర్ణాటక, హిందూస్తానీ బాణీలు రెండింటిలోనూ కచేరీ చేయగలిగేవారు. ఎల్. సుబ్రహ్మణ్యం తన రచనతో 1985లో న్యూయార్క్ ఫిల్‌హార్మొనిక్ ముందు నిలిచారు.

అవసరాల కన్యాకుమారి దారి వేరు. విజయనగరంలో పుట్టి, ఇవటూరి విజయేశ్వరరావు వద్ద నేర్చుకుని, మద్రాసు వెళ్లి ఎం.ఎల్. వసంతకుమారికి ఏళ్ల తరబడి పక్కవాద్యం వాయించారు. ఆ తర్వాత కద్రి గోపాల్‌నాథ్ శాక్సఫోన్‌తో జోడు కట్టారు. అక్కడ వెంట నడవడానికి పాట లేదు, సాహిత్యం లేదు. ఊదే వాద్యం ఊపిరి ఎక్కడ తెంచుతుందో చూసి తన కమాను అక్కడ నడపాల్సి వచ్చింది. మద్రాసు సంగీత అకాడమీ 1941లో ద్వారంవారికి ఇచ్చిన సంగీత కళానిధి బిరుదును 2016లో ఆమెకు ఇచ్చింది.