ఎవరు ఎవర్ని పరీక్షించాలి? – ఒంగోలు కథని మళ్లీ చదువుతూ

మన పేటల్లో ఉజ్జీవ కూటాలు పెడితే ఒక రాత్రి ప్రసంగమైనా ‘మోసపోకండి’ అనే మాట మీద ఉంటుంది. యోహాను మొదటి పత్రిక నాలుగో అధ్యాయం తెరుస్తారు. ఏ ఆత్మనైనా పరీక్షించాకే నమ్మాలంటారు. ఆ మాటతో మాకు పేచీ లేదు. పరీక్ష పెట్టేదెవరు, పరీక్షకి నిలబడేదెవరు అన్నదగ్గరే పేచీ. పక్క సంఘం తప్పుడుది, అవతలి బోధకుడు అబద్ధ ప్రవక్త, జ్వరమొస్తే తాయెత్తు కట్టించుకున్న ముసలమ్మ దారి తప్పింది – వివేచన ఇక్కడికొచ్చి ఆగిపోతుంది. కానుకల లెక్క అడిగినవాడికి మాత్రం సాతాను పట్టిందంటారు.

అందుకే క్లౌ దొర ఆత్మకథ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ (1914)ని మళ్లీ తీశాం. ఆయన చెప్పిందాన్ని రెండో భార్య ఎమ్మా రాసిపెట్టింది. ఒంగోలు ప్రాంతపు మాదిగలు క్రైస్తవులైన కథ ఇది. సంఘాల్లో దీన్ని దొర విశ్వాసానికి దక్కిన విజయంగా చెప్పుకుంటారు. మేం పరీక్షల కథగా చదువుతున్నాం.

మొదటి పరీక్ష పెట్టింది దొర కాదు, పేరయ్య. ఎర్రగుంట్ల పేరయ్య తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారి. 1866లో బాప్తీస్మం తీసుకునేనాటికే రాజయోగం నేర్పే గురువుల దగ్గర కూర్చుని వచ్చినవాడు. తెల్లదొర చెప్పగానే తలాడించిన అమాయకుడు కాడు. రెండు బోధల్నీ తూచుకునే ఎంచుకున్నాడని మా అభిప్రాయం. సాక్ష్యాల్లో మాత్రం ఆ గతమంతా ‘చీకటి’ అన్న ఒక్క మాటలో కొట్టుకుపోతుంది.

తర్వాత పరీక్ష దొరకొచ్చింది. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం, మా పిల్లలు మీ బడికి రారు అన్నారు ఒంగోలు అగ్రకులాలవాళ్లు. దిక్కుతోచక క్లౌ, మొదటి భార్య హారియట్ వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు కనబడిందట, దేవుడు ఎన్నికలేనివాళ్లని ఎంచుకుంటాడనే చోటు. అది అద్భుతమో కాదో మాకనవసరం. పైవాళ్లు ముందొస్తే కిందివాళ్లకీ మేలే అన్నది ఎంత తియ్యటి మోసమో వాళ్లకి తెలిసొచ్చింది. వివేచనంటే అది.

క్లౌ పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. పైకి భక్తి నియమాలే. వెట్టి బతుకులో పెట్టి చూడండి. ఆదివారం రానంటే ఆసామికి ఎదురు తిరగడమే. మొక్కనంటే జాతరలో డప్పు కొట్టననే. ఊరు మీదపడింది అందుకే. మాంసం షరతు దగ్గర మాత్రం మేం ఆగుతాం. గొడ్డు చస్తే ఈడవటం, తోలు ఒలవటం, ఆ మాంసమే కూలిగా దక్కటం – ఈ ముడి తెంపమంటే తిరుగుబాటు. ఆ తిండి తిన్నవాడే నీచుడంటే కులం నేర్పిన ఏవగింపు, బైబిలు అట్టలో చుట్టి ఇచ్చినట్టు. పుస్తకంలో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి. మన సంఘాలు ఎక్కువగా దాచుకున్నది రెండోదాన్నే.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తిండి కోసం మతంలో కలుస్తున్నారన్న మాట రాకుండా ఏడాదికి పైగా బాప్తీస్మాలు ఆపాడు. మళ్లీ మొదలయ్యాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. దొర జాగ్రత్తని తప్పుపట్టం. కానీ ఆకలిగొన్నవాడి మనసు నిజమా కాదా అని అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు, కడుపు నిండినవాణ్ణి అడిగినట్టు మాకు కనపడలేదు.

సర్కారుదీ అదే ప్రశ్న. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డ్ కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సడలించారు, క్రైస్తవులకి సడలించలేదు. దాంతో చర్చిలో దావీదు, సర్టిఫికెట్లో వెంకటేశ్వర్లు. ఆ పిల్లవాణ్ణి రెండు నాలుకలవాడని పుల్పిట్ మీంచి తిట్టడం తేలికే. మతం మారితే అంటరానితనం మాయమైనట్టు నటించే ఆ పేరాని ఏ ఉజ్జీవ కూటంలో, ఏ దైవజనుడు పరీక్షకి నిలబెట్టాడు?