ఖాళీ గళ్ళ పనితనం

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర పట్టి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. నియమాలున్నాయి గానీ తిరగడానికి లోకం లేదు. అడవుల్లో ప్రయాణానికి వేరే కంపెనీవాళ్ళ ‘ఔట్‌డోర్ సర్వైవల్’ బోర్డు వాడుకోమని ఆ పుస్తకాలే చెప్పాయి.

ఆ కొరత కనిపెట్టినవాడు అమెరికాలోని డికేటర్ ఊరి డ్రాఫ్ట్స్‌మన్ బాబ్ బ్లెడ్సా. 1976లో బిల్ ఓవెన్‌తో కలిసి ‘జడ్జెస్ గిల్డ్’ అనే ప్రచురణ సంస్థ పెట్టాడు. ఆ ఏటి జెన్‌కాన్ ఆటల మేళాకి తాము గీసిన కల్పిత నగరం పటం పట్టుకెళ్ళి, తమ రాబోయే ప్రచురణలకి అక్కడే చందాలు కట్టించుకున్నారు. పెద్ద ప్రచురణకర్త ఎవరూ వెనక లేరు. కాగితం ముతక, అచ్చుతప్పులు బోలెడు. అయినా ఆ గీత చూస్తే చెయ్యి తిరిగినవాడి పని అని ఇట్టే తెలిసిపోతుంది.

అసలు పనితనం 1977 నాటి ‘వైల్డర్‌లాండ్స్ ఆఫ్ హై ఫాంటసీ’లో ఉంది. నేల మొత్తాన్ని ఆరుమూలల గళ్ళుగా కోశాడు. చదరపు గడిలో మూలకి నడిస్తే దూరం పెరుగుతుంది; ఆరుమూలల గడిలో ఎటు అడుగేసినా ఒకే దూరం. గడి వెడల్పు ఐదు మైళ్ళు, అంటే ఎనిమిది కిలోమీటర్లు. మా నరసన్నపేట నుంచి శ్రీకాకుళం మూడు గళ్ళన్నమాట. గడి గడికీ నాలుగంకెల నంబరు. ఆ నంబరు పట్టుకుని చిన్న పుస్తకంలో వెతికితే ఊరు, జనాభా, ఏలిక, దొరికే సరుకు తెలుస్తాయి. మరోచోట శిథిలాలు, భూతాల గుహలు. మన గ్రామ పటం మీద సర్వే నంబరే ఉండి, సాగుదారు, పంట వివరాలు అడంగల్‌లో ఉన్నట్టే. పటం మీద రాతలు కిక్కిరిసిపోకపోవడానికి కారణం ఇదే.

నాకు మరీ నచ్చింది జంట పటాల ఏర్పాటు. ఆట నడిపే జడ్జికి అన్నీ ఉన్న పటం, ఆటగాళ్ళకి అదే నేల సగం ఖాళీగా. ఆడేవాళ్ళు తిరిగి చూసి, తామే నింపుకోవాలి. ఏది గీయాలన్నది ఎవరైనా తేల్చుకుంటారు. ఏది గీయకుండా వదలాలో తేల్చడానికి గుండె కావాలి. ఆ తర్వాత ‘ఫర్గాటెన్ రెల్మ్స్’ అనే మరో ఆట లోకానికి కారెన్ విన్ ఫాన్‌స్టాడ్ 1990లో గీసిన అట్లాస్ భౌగోళికంగా ఎంతో పక్కాగా ఉంటుంది. అది చూసి మెచ్చుకుంటాం. బ్లెడ్సా పటం చూస్తే పెన్సిలు తీస్తాం.

ఈ పద్ధతిలో మా ప్రాంతం గీయొచ్చు కూడా. వంశధార, నదీముఖాన కళింగపట్నం పాత రేవు, ఒడ్డున శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాలు, ఎగువన గాంగుల రాజధాని ముఖలింగం. శిథిలాల జాబితాకి కల్పనతో పనే లేదు. నరసన్నపేట గడిలో మాత్రం ఒక సంత, ఒక పూటకూళ్ళ ఇల్లు, రెండు పుకార్లు రాస్తే చాలు.

2005లో నెక్రోమాన్సర్ గేమ్స్ ‘వైల్డర్‌లాండ్స్’ లోకాన్ని పద్దెనిమిది పటాల పెట్టెగా మళ్ళీ వేసింది. ఎందరో రచయితలు కూర్చుని పాత ఖాళీలని శ్రద్ధగా నింపారు. చదవడానికి బాగుంటుంది. ఆడమంటే మాత్రం 1977 ప్రతే అడుగుతాను.