దిద్దుబాటు – ఇంటిమాట
(ఆంగ్ల రచనలను దిద్దు పద్ధతిపై ఒక విమర్శ)

దిద్దుట యనునది మన భాషలో మన్నన గల మాట. అక్షరాభ్యాసము నాడు గురువు వ్రాసియిచ్చిన ఓనమాలపై బాలుడు వ్రేలు పెట్టి దిద్దును. తల్లి బిడ్డ నుదుట బొట్టు దిద్దును. చక్కగ పెరిగిన బిడ్డను చూచి తీర్చిదిద్దినట్లున్నాడందుము. ఈ మూడింట ఎచ్చటను కొట్టివేత లేదు. ఉన్న రూపమును మఱింత స్పష్టము చేయుటయే కలదు. ఆ మాటనే మనము పాఠశాలలో వ్యాసపుస్తకములపై ఎఱ్ఱసిరాతో గీతలు గీయు పనికిని వాడుచున్నాము. ఈ రెండవ దిద్దుబాటు, ముఖ్యముగ ఆంగ్ల రచనల విషయమున, మొదటి దిద్దుబాటు గుణమును ఎంతవఱకు నిలుపుకొన్నదో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

నేను హోసూరు ప్రాంతమున ఒక అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు చెప్పువాడను. 1956 లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడు ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. 2004 లో ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలో ఇప్పుడు చేరియున్నది. ఇచ్చటి మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును, సంతలో కన్నడమును విందురు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ననుసరించి తమిళము 2006-07 లో ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట పైకి ప్రాకి 2015-16 నాటికి పదవ తరగతికి నిర్బంధ పాఠ్యమైనది. ఆంగ్లము ఎటులను తప్పదు. ఇన్ని భాషల నడుమ తిరుగు బాలుని ఆంగ్ల వ్యాసమును మా వంటి చిన్న పాఠశాలలలో ఒక్కొక్కప్పుడు తెలుగు పండితుడే దిద్దవలసి వచ్చును. నాకును ఆ పని పడినది. అది నా అర్హతకు మించిన పనియని మొదట జంకితిని గాని, తప్పు ఏ వాకిటినుండి లోపలికి వచ్చినదో ఇంటి భాష తెలిసినవానికే త్వరగ తెలియునని తరువాత గ్రహించితిని. ఆ గ్రహింపునకు ముందు ఒక అపరాధము చేసితిని. దానిని ముందుగ విన్నవించుకొందును.

కొన్నేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె 'మా యిల్లు' అను విషయముపై ఆంగ్లమున ఒక పుట వ్రాసి తెచ్చినది. అందు ఇట్టి వాక్యములు కలవు: 'వియ్ ఆర్ హావింగ్ టూ బఫెలోస్. మై మదర్ పుట్స్ ముగ్గు డైలీ. ఈవెనింగ్ మై అవ్వ పుట్స్ ద లైట్ ఫర్ అస్. ఫర్ హర్ లైట్ ఈజ్ నో నీడ్.' నేను 'ఆర్ హావింగ్' కొట్టి 'హావ్' అని వ్రాసితిని. 'ముగ్గు' కొట్టి 'రంగోలి' అంటిని. 'అవ్వ' కొట్టి 'గ్రాండ్‌మదర్' అంటిని. 'పుట్స్' కొట్టి 'స్విచెస్ ఆన్' అంటిని. చివరి వాక్యమును మొత్తము త్రోసి 'షీ డజ్ నాట్ నీడ్ ఎ లైట్' అని మార్చితిని. పుట అడుగున 'వ్యాకరణము శ్రద్ధగ నేర్వవలయును' అని వ్రాసి పదింటికి నాలుగు మార్కులు వేసితిని.

తరువాతి వ్యాసమునకు ఆమె గైడు పుస్తకము నుండి ఆవును గూర్చిన వ్యాసమును కంఠస్థము చేసి వ్రాసినది. అందొక తప్పైనను లేదు. పదింటికి తొమ్మిది వేసితిని. కొంతకాలమునకు ఆమె తల్లి పాఠశాలకు వచ్చి, మాటల నడుమ, తన అత్తగారికి చూపు పోయి మూడేండ్లైనదని చెప్పినది. అప్పుడు గాని నాకు ఆ చివరి వాక్యము అర్థము కాలేదు. తనకు వెలుగుతో పని లేకున్నను తమ కొఱకు ప్రతి సంజవేళ గోడ తడుముకొనుచు వచ్చి లైటు వేయు ఆ ముసలామెను గూర్చి చెప్పుటకే బాలిక ఆ పుట వ్రాసినది. నేను ఆ వాక్యమును సరిచేసితిని గాని చదువలేదు.

ఇది నా యొక్కని లోపమే యైనచో ఇచ్చట ప్రస్తావింప నవసరము లేదు. పుట నిండ గీతలు, అడుగున ఒక మందలింపు, ప్రక్కన ఒక అంకె – ఇదియే అనేక పాఠశాలలలో దిద్దుబాటు. ఇందు మూడు దోషములు కలవు. చెప్పిన విషయమునకు బదులు లేకుండుట మొదటిది. తప్పునకు కారణము వెదకకుండుట రెండవది. ఇంటిమాటను మలినముగ నెంచుట మూడవది. మొదటిదానిని పై యుదంతమే నిరూపించుచున్నది. తక్కిన రెండింటిని ఆ పుట ఆధారముననే పరిశీలింతము.

తెలుగున ముగ్గు పెట్టుదుము, దీపము పెట్టుదుము, సంతకము పెట్టుదుము. లైటు వేయుదుము, తలుపు వేయుదుము, తాళము వేయుదుము. ఈ పెట్టుట, వేయుటలకు బాలికకు తెలిసిన ఆంగ్లపదము 'పుట్' ఒక్కటే. ఆంగ్లమున నన్ననో ముగ్గునకు 'డ్రా', దీపమునకు 'లైట్', సంతకమునకు 'సైన్', తలుపునకు 'షట్', తాళమునకు 'లాక్' అని వేర్వేరు క్రియలు కలవు. ఉపాధ్యాయుడు ఆఱు చోట్ల ఆఱు గీతలు గీసిన బాలిక ఆఱు తప్పులు చేసితిననుకొనును. ఈ పట్టికను ఒక్కసారి నల్లబల్లపై వ్రాసిన, తాను చేసినది ఒక్క తప్పేయని, అదియును తెలుగు బాగుగ వచ్చుటవలన చేసినదని తెలిసికొనును. ఈ రెండు ఎఱుకల నడుమ నున్న భేదము బాలిక ధైర్యమునకు సంబంధించినది.

'ఫర్ హర్ లైట్ ఈజ్ నో నీడ్' అనునది 'ఆమెకు లైటుతో పని లేదు' అనుదాని నీడ. ఆకలి, దాహము, తెలివిడి, అవసరము – వీనిని పొందువానికి తెలుగు 'కు' ప్రత్యయము చేర్చును: నాకు ఆకలి, నాకు తెలియును, నాకు కావలయును. ఆంగ్లము వానిని కర్తను చేసి ముందు నిలుపును. అటులే మన 'వచ్చెదను', 'వస్తాను' వంటి రూపములు నిత్యము జరుగు పనికిని, రేపు జరుగబోవు పనికిని చెల్లును. కనుక పిల్లలు 'డైలీ ఐ విల్ కమ్' అని వ్రాయుదురు. 'నిన్ననే' అనుటలోని ఏకారము 'యెస్టర్డే ఓన్లీ' యగును. 'నీవు రాలేదా?' అన్న ప్రశ్నకు మనము 'అవును, రాలేదు' అందుము. ఆ అవునే 'యెస్, ఐ డిడ్ నాట్ కమ్' అగును. 'వేడివేడి' అనునది 'హాట్ హాట్' అగును. 'ఆయన ఉపాధ్యాయుడు' అను వాక్యమున క్రియ లేకున్నను మనకు కొఱత లేదు. అందుచేతనే 'హీ టీచర్' పుట్టును. ఇవి అజాగ్రత్త వలన కలిగిన తప్పులు గావు. వీని వెనుక సూత్రమున్నది. ఆ సూత్రము మనది.

ఇక పదముల సంగతి. నేను ముగ్గును కొట్టి రంగోలి యని వ్రాసితిని. రంగోలి ఆంగ్లపదమా? కాదు. ఒక దేశీయపదమును తీసి మఱియొక దేశీయపదమును పెట్టి ఆంగ్లమును సంస్కరించితినని తృప్తి నొందితిని. నా ఇంటిమాట కంటె పొరుగింటి మాట ఆంగ్లమునకు దగ్గఱయని నాలో నొక భ్రమ యుండెనన్న మాట. ఆంగ్లమునకు అట్టి పట్టింపు లేదు. మన పందికొక్కును 'బాండికూట్' అని, తమిళుల కట్టుమరమును 'కాటమరాన్' అని అది ఎన్నడో చేర్చుకొన్నది. ముగ్గు అను మాటను నిలిపి, వాకిట పిండితో వేయు గీతలని ఒక చిన్న వాక్యమును బాలికచే చేర్పించియున్నచో ఆంగ్లమునకు లోపము కలుగదు. ఆమెకు ఒక వర్ణనావాక్యము అలవడియుండెడిది.

బంధువాచకముల యందు ఈ చిక్కు మఱింత లోతైనది. 'కజిన్ బ్రదర్' అని వ్రాసిన వెంటనే మనము 'బ్రదర్' కొట్టివేయుదుము. ఆ బాలిక ఏల అట్లు వ్రాసినది? పెదనాన్న కొడుకు ఆమెకు అన్న. మేనత్త కొడుకు బావ. ఒకరు రాఖీ కట్టదగినవారు, మఱియొకరు మన కుటుంబములలో పెండ్లియాడదగిన వరుసవారు. ఆంగ్లము ఇద్దరిని 'కజిన్' అను ఒకే గంపలో వేయుచున్నది. బాలిక 'బ్రదర్' చేర్చి ఆ భేదమును కాపాడ యత్నించినది. యత్నము ఆంగ్ల సంప్రదాయమునకు సరిపడదు, నిజమే. కాని కొట్టివేసి ఊరకుండిన ఆ భేదము పోవును. 'ఫాదర్స్ సిస్టర్స్ సన్' అని విడమర్చి చెప్పు త్రోవను చూపినచో భాషయు నిలుచును, బంధుత్వమును నిలుచును. వడ్లు, బియ్యము, అన్నము అను మూడింటికిని 'రైస్' అను ఒక్క మాట వ్రాయు పిల్లలకు, పొలములో నున్నది 'పాడీ' యని, వండినది 'కుక్డ్ రైస్' అని చెప్పుట కూడ ఇట్టిదే. ఆ 'పాడీ' సైతము ఆంగ్లేయులు మలయభాష నుండి తెచ్చుకొన్నది. మైఖేల్ వెస్టు 1953 లో ప్రకటించిన సుమారు రెండువేల ముఖ్యపదముల పట్టిక వంటివి ఏ మాటలను ముందు నేర్పవలయునో తెలుపుటకు ఎంతయు ఉపకరించును. కాని చేట, రోకలి, ముగ్గు గల పెరటిని వర్ణింపబూనిన బాలికకు అవి చాలవు; అచ్చట ఉపాధ్యాయుడే నిఘంటువు కావలయును.

ఈ విషయమున విద్వాంసుల చర్చయును కలదు. పిట్ కార్డరు అను భాషావేత్త 1967 లో ప్రకటించిన వ్యాసమున చేయిజారిన తప్పులను, నేర్చువాని లోపలి సూత్రము వలన కలుగు తప్పులను వేఱుచేసి, రెండవవి అభ్యాసము ఎంతవఱకు సాగినదో తెలుపు గుర్తులని వాదించెను. 1996 లో జాన్ ట్రస్కాటు అను నాతడు రచనలలో వ్యాకరణపు దిద్దుబాటు నిష్ప్రయోజనమని, దానిని విడిచిపెట్టవలయునని తీవ్రముగ వ్రాసెను. 1999 లో డానా ఫెర్రిసు అను ఆమె దానిని ఖండించి, ఏఱికోఱి స్పష్టముగ దిద్దినచో మేలు కలుగునని పలికెను. నా అనుభవము ఆమె పక్షమునకే మొగ్గుచున్నది. దిద్దుబాటే వలదనుట మన పిల్లల పట్ల దయ కాదు. మా యూరి పిల్లవాడు రేపు ఫ్యాక్టరీకో, బెంగుళూరి కార్యాలయమునకో అర్జీ పెట్టుకొనవలయును. అచ్చట 'పుట్ సైన్' అని వ్రాసిన, అతని తెలుగు సూత్రమును ఎవరు విచారింతురు? గీతలు లేని పుస్తకమును చూచి, పంతులు చదువనే లేదని తల్లిదండ్రులు అనుమానించుటయు సహజమే.

కావున నేనిప్పుడు అనుసరించు క్రమమును మనవి చేయుదును. మొదటి చదువులో సిరా ముట్టను. వ్రాసిన సంగతికి బదులుగ ఒక్క వాక్యము, అవసరమైన తెలుగుననే, అడుగున వ్రాయుదును. రెండవ చదువులో ఒకే జాతి తప్పును ఎన్నుకొని దానిని మాత్రము గుర్తింతును. తక్కినవి మఱియొక వారమునకు ఆగును. 'దీనిని ఇంట ఎట్లందువు?' అని అడిగి, తెలుగు వాక్యమును ఆంగ్ల వాక్యము ప్రక్కన వారిచేతనే వ్రాయింతును. పిమ్మట పుటను తిరిగి వ్రాయింతును. మార్కు ఆ రెండవ ప్రతికే. పుస్తకము చివర ఇంటిమాటలకు తెలుగు, తమిళము, ఆంగ్లము అను మూడు వరుసలు గీయింతును. నలుబది పుస్తకములకు పుస్తకమొకటికి మూడు నిమిషములన్నను రెండు గంటలు పట్టును. పుట నిండ గీతలు గీయుటకును అంతే పట్టెడిది.

ఇది క్రొత్త త్రోవ కాదు. 1907 ప్రాంతమున ఉత్తరపు తీరజిల్లాలకు పాఠశాలల తనిఖీదారుగ వచ్చిన ఏట్సు దొరయు, విశాఖపట్టణపు కళాశాలాధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారును ఆంగ్లబోధనను సంస్కరించినవారే. జనుల నోటి తెలుగునకు, పుస్తకపు తెలుగునకు ఇంత భేదమేలయని ఏట్సు అడిగిన ప్రశ్న గురజాడ అప్పారావుగారిని, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తిగారిని కదిలించినది. ఆ పర్లాకిమిడి 1936 నుండి ఒడిస్సాలో నున్నది; మన వంటి సరిహద్దు తెలుగువారి ఊరు. ఆంగ్లమును చక్కగ నేర్పవలెనన్న విచారమును, బాలుని నోటిమాటను గౌరవింపవలెనన్న విచారమును ఆనాడు తోడుగ నడచినవని మనము మఱవరాదు.

ఆ బాలికను పిలిచి, నా తప్పు ఒప్పుకొని, ఆ వ్యాసమును మరల వ్రాయుమని కోరితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "తప్పులుంటే పరవాలేదా సార్?" అని అడిగినది. "ముందు అవ్వ సంగతి రాయమ్మా, తప్పులు తర్వాత ఇద్దరం చూద్దాం" అంటిని. రెండు వారముల తరువాత తెచ్చిన పుటలో తప్పులు మొదటిదాని కంటె ఎక్కువే యున్నవి. పుట కూడ రెండింతలు పొడుగైనది. 'అవ్వ' అను మాటను ఈసారి నేను కొట్టివేయలేదు.