ఆరు పుస్తకాలా, అరవై పుస్తకాలా?

2013 వేసవిలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఓ చిన్న ఊరి లైబ్రరీ పిల్లలకు పఠన పోటీ పెట్టింది. ఆరు వారాల్లో అందరికన్నా ఎక్కువ పుస్తకాలు చదివినవారే విజేత. ఒక కుర్రాడు అరవైకి పైగా చదివి గెలిచాడు. అంతకుముందు కొన్నేళ్లుగా గెలుస్తున్నదీ అతనే. ఇక తప్పుకుని మిగతావాళ్లకు చోటివ్వాలని లైబ్రరీ డైరెక్టరు అన్నారు. ఆ మాట పత్రికలకెక్కి పెద్ద దుమారమైంది. బాగా చదివే పిల్లవాణ్ణి వద్దంటారా అని జనం మండిపడ్డారు. ఆ కోపం న్యాయమే. డైరెక్టరు చెప్పిన ఇబ్బందీ నిజమే. ఒక్కరే గెలవగల పందెంలో తమ వంతు రాదని తెలిశాక, నిదానంగా చదివే పిల్లలు పుస్తకం తెరవడం ఎందుకు? తప్పంతా ఆ పోటీ నియమంలో ఉంది.

దీని పక్కన బ్రిటన్‌లో 1999 నుంచి నడుస్తున్న ‘సమ్మర్ రీడింగ్ ఛాలెంజ్’ను పెట్టి చూడాలి. ది రీడింగ్ ఏజెన్సీ అనే స్వచ్ఛంద సంస్థ పబ్లిక్ లైబ్రరీలతో కలిసి దీన్ని నడుపుతుంది. 4 నుంచి 11 ఏళ్ల పిల్లలు ఉచితంగా పేరు నమోదు చేసుకుని, సెలవుల్లో సాధారణంగా ఆరు పుస్తకాలు చదవాలి. కథలే కానక్కర్లేదు. కామిక్స్, జోకుల పుస్తకాలు, ఆడియో పుస్తకాలు కూడా లెక్కలోకి వస్తాయి. చదువుతున్నకొద్దీ స్టిక్కర్లు, ఆరూ అయ్యాక పతకం, సర్టిఫికెట్ ఇస్తారు. ఏటా ఒక ఇతివృత్తం ఎంచుకుంటారు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టి యాభై ఏళ్లయిన 2019లో అది ‘స్పేస్ చేజ్’. పక్కింటి పిల్ల ఆరు పూర్తిచేసినంత మాత్రాన నా పతకం పోదు. పోటీ ఉత్సాహం మిగులుతుంది, ఓటమి మాత్రం ఎవరికీ ఉండదు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది కౌంటరు దగ్గర జరిగే సంభాషణ. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు లైబ్రరీ సిబ్బందో, టీనేజీ వాలంటీర్లో ‘ఇందులో నీకెవరు నచ్చారు?’ అని కబుర్లలోకి దించుతారు. తనకన్నా పెద్దయిన అక్క ఆసక్తిగా వింటుంటే ఎనిమిదేళ్ల పిల్లకు కలిగే గర్వాన్ని ఏ స్టిక్కరూ ఇవ్వలేదు. అరవై పుస్తకాల పందెంలో ఈ మాటకు తీరిక దొరకదు. అక్కడ పుస్తకం ఒక అంకె అయి కూర్చుంటుంది. లావు పుస్తకం తీస్తే వెనకబడతామని సన్నవాటికే చెయ్యి చాస్తారు.

అయితే బ్రిటన్ పద్ధతిలో లోపం లేకపోలేదు. అందరికీ ఒకే ఆరు అంటే, ఆకలిగా చదివే పిల్లకు అది వారం రోజుల పని. ఆ న్యూయార్క్ కుర్రాడి దాహానికి అది చాలదు. ఈ విషయంలో పిజ్జా హట్ 1984లో మొదలుపెట్టిన ‘బుక్ ఇట్’ మెరుగు. ప్రధానంగా బడి నెలల్లో నడిచే కార్యక్రమమిది. ఒక్కో విద్యార్థి స్థాయిని బట్టి టీచరే నెలవారీ లక్ష్యం పెడతారు. చేరుకుంటే చిన్న పిజ్జా ఉచితం. లక్ష్యం సరే, పిజ్జా మాటేమిటి? 1973లో మనస్తత్వ శాస్త్రవేత్తలు లెపర్, గ్రీన్, నిస్‌బెట్ చేసిన ప్రయోగంలో, బొమ్మలు గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశపెట్టిన చిన్నపిల్లలు తర్వాత తమంతట తాము గీయడం తగ్గించారు. బహుమతులను తప్పుపట్టేవారు దీన్నే ఎత్తిచూపుతారు. కానీ 1999లో ఫ్లోరా అనే ఇంటిపేరే ఉన్న ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులను అడిగితే, చిన్నప్పటి పిజ్జాల వల్ల చదువు మీద ఇష్టం పెరిగిందీ లేదు, తరిగిందీ లేదు. 2008లో మారినాక్, గాంబ్రెల్ మూడో తరగతి పిల్లలతో చేసిన పరిశోధన నాకు ఎక్కువ ఉపయోగకరంగా తోస్తుంది. చిన్నాచితకా బహుమతులు అందుకున్నవారికన్నా, పుస్తకమే బహుమతిగా పొందినవారిలో చదవాలనే కోరిక బలంగా నిలిచింది. బహుమతి మళ్లీ పుస్తకం దగ్గరికే తీసుకెళ్లాలి.

మన దగ్గరా గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు జరుగుతున్నాయి. కథలు చెప్పించడం, బొమ్మలు వేయించడం, చదివిన పుస్తకం గురించి మాట్లాడించడం అన్నీ మంచివే. చివరిరోజు వేదిక మీద ప్రథమ, ద్వితీయ, తృతీయ బహుమతులు ఇచ్చే అలవాటుంటే మాత్రం మానుకోవాలి. ముగ్గురికి చప్పట్లు కొడుతుంటే మిగతా పిల్లలు కింద కూర్చుని చూడాల్సిన పని లేదు. పిల్లలు హాల్లో చదివి అక్కడే వదిలేసి వెళ్లడం కన్నా, పుస్తకాన్ని ఇంటికి పట్టుకెళ్లడం ముఖ్యం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతూనే ఉన్నాం. కాబట్టి సెలవులు అయ్యేవరకైనా డిపాజిట్ అడగకుండా పిల్లలకు కార్డులివ్వాలి. ఎన్ని పుస్తకాలన్నది లైబ్రేరియన్, పిల్లవాడు కూర్చుని అనుకుంటే సరిపోతుంది. తడబడుతూ చదివేవాడికి మూడు, పుస్తకాల పురుగుకు ముప్పై. అనుకున్నది పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ, అల్మారా ముందు నిలబెట్టి, నచ్చిన పుస్తకం ఒకటి సొంతంగా తీసుకోనివ్వాలి.