కట్టేసే గొలుసు వేరు, నడిపించే తాడు వేరు

జనగామలో పశువుల సామాను అమ్మే దుకాణం ముందు కాసేపు నిలబడితే, ఎద్దు చేసే ప్రతి పనికీ ఒక తాడు కనిపిస్తుంది. కొట్టంలో గుంజకు కట్టేయడానికి తలుగు, అరక కట్టినప్పుడు పగ్గం, మాట వినని ఎద్దుకు ముకుతాడు, గుంటుక తోలేటప్పుడు చేనుకు మూతి పెట్టకుండా చిక్కం, పండుగనాడు మెడలోకి గజ్జెల పట్టెడ. ఏ పనికి ఏది వాడాలో రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే దుకాణంలో కుక్కకు మాత్రం ఒకే ఒక ఇనుప గొలుసు, దానికో బెల్టు. రాత్రి గేటుకు కట్టేసేదీ దాంతోనే, పొద్దున రోడ్డు మీదికి తీసుకుపోయేదీ దాంతోనే.

ఇక్కడే తేడా వస్తున్నది. కట్టేసే గొలుసుకు తెగకుండా ఉండటం ఒక్కటే పని. నడిపించే తాడు చేయాల్సింది వేరు. మన చేయి చెప్పేది కుక్కకు తెలియాలి, కుక్క అడుగు మన చేతికి తెలియాలి. బరువైన గొలుసు నడుస్తున్నంతసేపూ మెడను కిందికి గుంజుతూనే ఉంటుంది కాబట్టి, మనం పిలిచిన గుంజుడేదో, గొలుసు బరువేదో కుక్కకు తేడా తెలియదు. ఎండాకాలం ఆ ఇనుము కాలి చేతికీ మెడకూ తగులుతుంది. కుక్క ఒక్కసారి ఉరికితే అరచేతి తోలు లేచిపోతుంది. కుక్కను పెంచుకునే ఇళ్లు జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు జిల్లాల్లోనూ పెరుగుతున్నాయి. అందుకే ఈ వారం కుక్క నడక సామాను గురించి రాస్తున్నాను.

ఈమధ్య మా వాడకట్టు పిల్లవాడొకడు రెండు నెలల లాబ్రడార్ పిల్లను చంకనెత్తుకొని వచ్చాడు. దాని మెడలో నా బొటనవేలంత వెడల్పున్న తోలు బెల్టు, దానికి పెద్ద కుక్కల గొలుసు. "మామా, గిది పెద్దగైతది గదా, మళ్ల మళ్ల కొనుడెందుకని పెద్దదే తెచ్చిన" అన్నాడు. "పెద్దగైనంక పెద్దదే తెచ్చుకుందాం తియ్యి. ఇయ్యాల దాని మెడ ఎంతున్నదో సూద్దాం పా" అని దర్జీ టేపు తీశాను. పిల్లను అరుగు మీద నిలబెట్టి మెడ చుట్టూ టేపు వేస్తే, బెల్టు చివరి రంధ్రానికి పెట్టినా తల సులువుగా జారి వచ్చేంత వదులు ఉంది. గొలుసు కొక్కెం ఒక్కటే దాని దవడంత ఉంది. పిల్ల రెండడుగులు వేసి, తల దించి, అక్కడే కూర్చుండిపోయింది. నడక అంటే బరువు అని అది మొదటి రోజే నేర్చుకుంటున్నది.

పిల్లకు కావలసింది తేలికైన మెత్తటి నైలాన్ బెల్టు, అంతే తేలికైన తాడు. బెల్టుకూ మెడకూ మధ్య మన రెండు వేళ్లు సులువుగా దూరాలి. అంతకంటే బిగువైతే ఊపిరికి ఇబ్బంది, వదులైతే తల జారుతుంది, లేదంటే కింది దవడ అందులో ఇరుక్కుంటుంది. పిల్ల వారం వారం పెరుగుతుంది కాబట్టి వారానికొకసారి వేళ్లు పెట్టి చూడాలి. మొదట ఇంట్లోనే, బువ్వ పెట్టేముందు బెల్టు వేసి, తినగానే తీసేయాలి. దానికి అలవాటు పడ్డాక తాడు తగిలించి మన కళ్ల ముందే ఇంట్లో ఈడ్చుకుంటూ తిరగనివ్వాలి. టీకాలు పూర్తికాకముందు వీధిలో నేల మీద నడిపించొద్దు, పార్వో వైరస్ ప్రమాదం ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టర్లు, మూడో నెలలో రేబిస్ టీకా. అప్పటిదాకా ఎత్తుకొని తిప్పి బస్సు చప్పుడూ మనుషుల సందడీ చూపించవచ్చు.

పెద్ద కుక్క విషయంలో ముందు తేల్చుకోవాల్సింది, తాడు మెడకు తగిలించాలా, ఛాతీకి తగిలించాలా అన్నది. లాగే అలవాటున్న కుక్కకైతే నా మాట ఛాతీకే. గొంతులో శ్వాసనాళం, థైరాయిడ్ గ్రంథి, పెద్ద రక్తనాళాలు అన్నీ బెల్టు పడే చోటే ఉంటాయి. మెడ బెల్టుతో లాగినప్పుడు కుక్క కంట్లో ఒత్తిడి పెరుగుతుందనీ, ఛాతీకి తొడిగే హార్నెస్‌తో లాగినప్పుడు అలా పెరగలేదనీ 2006లో అమెరికా పరిశోధకులు కొలిచి చూపించారు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ వాళ్లు 2020లో కుక్క మెడ నమూనాకు రకరకాల బెల్టులు వేసి లాగి చూశారు. మెత్త కుట్టిన బెల్టుతో సహా ఏదీ గట్టిగా లాగితే ప్రమాదం లేనిదిగా తేలలేదు. పగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కలకు ఊపిరి ముందే కష్టం కాబట్టి మెడ మీద భారం అసలే పనికిరాదు. పక్కనే నెమ్మదిగా నడిచే కుక్కకు మాత్రం మెడ బెల్టు చాలు.

దుకాణాల్లో హార్నెస్‌ను బాడీ బెల్టు అంటారు. కొనేటప్పుడు ముందు వైపు చూడండి. ఛాతీకి అడ్డంగా ఒకే పట్టీ ఉండేది భుజం కీలు మీద పడి ముందుకాలు చాచనివ్వదు. మెడ కింద నుంచి రెండు పట్టీలు దిగి, రొమ్ము ఎముక మీద కలిసి, ముందుకాళ్ల మధ్య నుంచి వెనక్కి పోయేది మంచిది. కొలత ముందుకాళ్ల వెనక, ఛాతీ లోతుగా ఉన్న చోట తీసుకోవాలి. చంకలో పట్టీ ఒరుసుకోకుండా రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. వేసిన తర్వాత కుక్కను నాలుగడుగులు నడిపించి, పక్కనుంచి చూస్తే కాలు స్వేచ్ఛగా ముందుకు పోతున్నదో లేదో తెలిసిపోతుంది. బాగా లాగే కుక్కకు రొమ్ము మీద కూడా రింగు ఉన్నది తీసుకోండి. తాడును ఆ రింగుకు తగిలిస్తే, లాగినప్పుడు కుక్క మన వైపు తిరుగుతుంది. అయితే లాగకుండా నడవడం దానికి నేర్పాల్సింది మనమే. ముధోల్ లాంటి వేట జాతులకు తల మెడకంటే సన్నం, మామూలు బెల్టు వెనక్కి గుంజగానే ఊడిపోతుంది. లాగితే కొంతవరకే బిగిసి, వదలగానే సడలే మార్టింగేల్ బెల్టు వాటికి సరిపోతుంది.

ఊరిని బట్టి కూడా సామాను మారాలి. జనగామలో హైవే బండ్లూ స్టేషన్ రోడ్డు రద్దీ ఉంటాయి. అక్కడ నాలుగు నుంచి ఆరడుగుల తాడు చాలు. బటన్ నొక్కితే సాగే రిట్రాక్టబుల్ తాడు ట్రాఫిక్‌లో వద్దు. కుక్క ఉరికిన క్షణంలో అది బండి కిందిదాకా సాగుతుంది, ఆ సన్నటి తాడును పట్టుకుంటే వేళ్లు కోసుకుపోతాయి.

మానుకోట వైపు కోతుల బెడదకు భయపడి కుక్కను తెచ్చుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. కోతిని చూసి ఆ కుక్క ఎగిరి ఉరికినప్పుడు ఆ గుంజుడంతా మెడ మీద పడితే దెబ్బ తగలక మానదు. అలాంటి ఇంటికి ఛాతీ హార్నెస్ తప్పనిసరి. మిర్చి కోతల కాలంలో కల్లాల పక్కనుంచి నడిపిస్తే ఘాటు దుమ్ము తాడుకూ బెల్టుకూ పడుతుంది. కుక్క తర్వాత దాన్ని నాకుతుంది, కొరుకుతుంది. ఇంటికి రాగానే పాదాలు తుడిచి, తాడు కడిగి ఆరేయాలి.

భూపాలపల్లిలో బొగ్గు లారీలు తిరిగే దారిలో తెల్లవారకముందే నడిచేవారు బెల్టుకూ తాడుకూ వెలుతురు పడితే మెరిసే పట్టీ కుట్టించుకోవాలి. నల్ల కుక్క చీకట్లో డ్రైవరుకు కనపడదు. అడవి అంచున కుక్కను వదిలేయడం నెమళ్లకూ కుందేళ్లకూ ప్రమాదమే, కుక్కకూ ప్రమాదమే. జంతువుల కోసం వేటగాళ్లు పెట్టే కరెంటు తీగలు అక్కడ ఉంటాయి. 2024 ఫిబ్రవరిలో కాటారం మండలం అడవిలో అలాంటి తీగ తగిలి గ్రేహౌండ్స్ కమాండో ఒకరు ప్రాణం కోల్పోయారు. కాస్త తిరగనివ్వాలనుకుంటే పొడవాటి తాడు వాడండి, కానీ దాన్ని ఎప్పుడూ హార్నెస్‌కే తగిలించాలి, మెడకు కాదు.

సామాను దగ్గర అందరూ రంగు చూస్తారు, నేను కొక్కెం చూస్తాను. తాడు తెగడం అరుదు, విరిగేది కొక్కెమే. బంగారు రంగు పూసిన చవక జింకు కొక్కెం లోపల పెళుసుగా ఉండి ఒక్క గుంజుడుకు పుటుక్కుమంటుంది. పెంబర్తి పక్కన బతికే మనకు ఇత్తడి విలువ ఒకరు చెప్పాలా? గట్టి ఇత్తడి కొక్కెం వానకు తుప్పు పట్టదు. రింగు అతుకు చూడండి, కుట్టు రెండు వరసలుందో చూడండి. మే నెల ఎండకు మందంగా మెత్త కుట్టిన హార్నెస్ ఒంటి వేడిని ఆపేస్తుంది. జాలీ గుడ్డదో, సన్నని పట్టీలదో మేలు. రోడ్డుకు అరచేయి వెనక వైపు ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఓర్చుకోలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకండి. రాత్రి బెల్టు తీసి మెడ చుట్టూ వేళ్లతో వెతకండి, గోమార్లు దాక్కునేది అక్కడే.

గొంతు బిగిసే చోక్ చైన్లు, లోపలికి ముళ్లుండే బెల్టులు, షాకిచ్చే బెల్టులు కొనకండి. వేల్స్ దేశం షాక్ బెల్టులను 2010లోనే నిషేధించింది. నొప్పి పెడితే కుక్క ఆగుతుంది, నిజమే. అయితే ఎదురుగా వచ్చిన పిల్లవాడినో, ఇంకో కుక్కనో చూసినప్పుడల్లా నొప్పి కలిగితే ఆ కోపం వాళ్ల మీదికే మళ్లుతుంది. కరిచే భయముంటే బుట్ట ఆకారపు చిక్కం వేయండి. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి అందులో వీలుండాలి. మూతిని బిగించి కట్టే గుడ్డ పట్టీతో మన ఎండలో నడిపిస్తే కుక్క వడదెబ్బతో పడిపోతుంది.

1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పదకొండో సెక్షన్‌లో రెండు మాటలున్నాయి. మరీ పొట్టిగా ఉన్న గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో జంతువును మితిమీరినంతసేపు కట్టేసి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం ఇవ్వకపోవడం కూడా, యజమాని చేస్తే, నేరమే. మన ఊళ్లలో ఎన్నో కుక్కలు గేటు దగ్గరి ఆరడుగుల చోటులోనే ముసలివైపోతున్నాయి. చుట్టుపక్కల వాళ్లు వాటికి భయపడటానికి అలా కట్టేసి ఉంచడమే సగం కారణం. రోజూ బయటి లోకాన్ని వాసన చూస్తూ నడిచే కుక్క నిమ్మళంగా ఉంటుంది.

మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ ఆదివారం టేపు పట్టుకొని దాని మెడ, ఛాతీ కొలవండి. ఆ కొలత కాగితం మీద రాసుకొని దుకాణానికి వెళ్లండి, వీలైతే కుక్కను కూడా తీసుకుపోయి తొడిగి చూసి కొనండి. గొలుసును గేటుకే ఉంచండి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట కుక్కను నడిపించండి. ఏటా రేబిస్ టీకా మరవకండి. ఎద్దుకు ఏ పనికి ఏ తాడో ఎరిగిన నేల మనది, కుక్కకు కూడా ఆ పాటి మర్యాద ఇద్దాం.