చిట్టాకు ఏడాది ఆయుష్షు చాలదు

పుదుచ్చేరి ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న రోజుల్లో గవర్నరు డూప్లేకు దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళె, 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాశాడు. కస్తూరి రంగకవి తన తెలుగు లక్షణ గ్రంథం 'ఆనందరంగరాట్ఛందము'ను అంకితమిచ్చింది ఈయనకే. ఓడల రాకపోకలు, వ్యాపారపు లెక్కలు, కొలువులో నడిచిన మాటలు అన్నీ అందులో కెక్కాయి. వాటిలో ఏ పుట ఎవరికి అక్కరకొస్తుందో రాసేనాడు ఆయనకు తెలియదు. ఏ చిట్టాకైనా అంతే, దాని విలువ తరువాత ఎప్పుడో తేలుతుంది.

మీ లినక్స్ కంప్యూటరు కూడా ఒక చిట్టా రాస్తుంది. డెబియన్, ఉబుంటు వంటి పంపిణీల్లో ప్రోగ్రాములను తెచ్చి అమర్చే పని ప్యాకేజీ మేనేజరుది. ఏ ప్యాకేజీ ఏ తేదీన, ఏ గంటకు వచ్చింది, ఏ వెర్షను పోయి ఏది చేరింది అన్న వివరాలను అది డీపీకేజీ.లాగ్ అనే ఫైలులో వరుసగా రాసుకుంటుంది. ఏపీటీ తన వంతుగా హిస్టరీ.లాగ్, టర్మ్.లాగ్ అని మరో రెండు ఫైళ్ళు ఉంచుతుంది. ఇప్పుడు ఏమేమి ఉన్నాయో చెప్పడానికి వేరే జాబితా ఉంది. ఎప్పటి నుంచి ఉన్నాయో చెప్పగలిగేది మాత్రం ఈ చిట్టాలే.

మరి వీటిని ఎంతకాలం ఉంచుతారు? లాగ్‌రొటేట్ అనే చిన్న ప్రోగ్రాము నెలకొకసారి పాత ఫైలును పక్కనపెట్టి కొత్తది తెరుస్తుంది. అలా పక్కనపెట్టినవి పన్నెండు దాటగానే అన్నిటికన్నా పాతదాన్ని చెరిపేస్తుంది. ఆ నెలలో ఏమీ రాయకపోతే ఖాళీ ఫైలును కదపదు. కాబట్టి రోజూ వాడే యంత్రంలో చిట్టా ఆయుష్షు సుమారు ఒక ఏడాది. ఈ లెక్కతోనే నాకు పేచీ.

ఎందుకో చూడండి. డెబియన్ వారి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో 2006 సెప్టెంబరులో ఒక మార్పు జరిగింది. దానివల్ల రహస్య తాళంచెవుల తయారీలో ఉండవలసిన యాదృచ్ఛికత దాదాపు హరించుకుపోయింది. ఒక్కో రకం యంత్రంలో, ఒక్కో పొడవుకు, రాగల తాళంచెవులు 32 వేల చిల్లరకు పడిపోయాయి. లోపం లోకానికి తెలిసింది 2008 మే 13న, అంటే ఇరవై నెలలకు. హార్ట్‌బ్లీడ్ లోపం 2012 మార్చిలో విడుదలై 2014 ఏప్రిల్‌లో బయటపడింది. దానికి పట్టింది రెండేళ్ళ పైమాటే. చెడ్డ వెర్షను మన యంత్రంలోకి ఏనాడు వచ్చిందో తెలిస్తే, ఏ కాలాన్ని అనుమానించాలో తేల్చుకోవడం సులువవుతుంది. పన్నెండు నెలల చిట్టా సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే చేతులెత్తేస్తుంది.

ఫెడోరా, రెడ్‌హ్యాట్ కుటుంబపు డీఎన్‌ఎఫ్ నాలుగో తరం తీరు ఇంకా విచిత్రం. అది కాలాన్ని కాక పరిమాణాన్ని కొలుస్తుంది. ఫైలు ఒక మెగాబైటు దాటితే పక్కకు తీస్తుంది, పాతవి నాలుగే ఉంచుతుంది. ప్యాకేజీల జాబితాను తనంతట తాను తాజా చేసుకున్న సంగతులు కూడా అందులోనే నిండుతాయి. కనుక యంత్రం ఎంత చురుకైనదైతే దాని జ్ఞాపకం అంత పొట్టిది. లావాదేవీల చరిత్రను విడిగా ఒక డేటాబేసులో దాస్తుంది గనుక నష్టం కొంత తక్కువ. అయినా 2022 ఏప్రిల్ 28న మన సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం సంస్థలు తమ కంప్యూటరు వ్యవస్థల చిట్టాలను 180 రోజులు భద్రపరచాలి. మెగాబైట్ల నియమం రోజులకు హామీ ఇవ్వలేదు.

చోటు చాలదంటారా? ఇవి ఉత్త అక్షరాలు. ఒకే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి కుదించితే బాగా చిన్నవవుతాయి. అయిదేళ్ళ చిట్టా కూడా నేటి డిస్కులో లెక్కలోకి రాదు. బలమైన అభ్యంతరం వేరే ఉంది. హిస్టరీ.లాగ్‌లో ఆ పని ఎవరు చేయించారో వారి ఖాతా పేరు పడుతుంది. టర్మ్.లాగ్‌లో తెరమీద కనిపించిన మాటలన్నీ పడతాయి. అందుకే దాన్ని అందరూ చదవడానికి వీలుండదు. అయితే, మూడు ఫైళ్ళకూ ఒకే గడువు పెట్టడమే అసలు తప్పని నా వాదన. వెర్షన్ల చరిత్రను ఏళ్ళ తరబడి ఉంచాలి, తెరమీది మాటలను త్వరగా వదిలించుకోవాలి.

మీరు చేయగలిగింది సులువే. లాగ్‌రొటేట్ వారి డైరెక్టరీలో డీపీకేజీ పేరుతో ఉన్న ఫైలు తెరవండి. రొటేట్ 12 అని ఉన్నచోట 60 అని రాయండి, అయిదేళ్ళు దక్కుతాయి. ఏపీటీ ఫైలులో హిస్టరీకీ అదే చేసి, టర్మ్‌ను ఉన్నట్టే వదిలేయండి. మీరు మార్చిన ఫైలును ఉంచాలా, కొత్తది పెట్టాలా అని ముందుముందు ఏ అప్‌గ్రేడ్‌లోనైనా యంత్రం అడగవచ్చు. అప్పుడు తొందరపడి మీ మార్పును పోగొట్టుకోకండి. డీఎన్‌ఎఫ్ వాడేవారు దాని అమరికల ఫైలులో పరిమాణాన్నీ, సంఖ్యనూ పెంచుకోవాలి.

ఇంకొక్క మాట. చొరబడినవాడు మొదట చెరిపేది చిట్టానే. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు నీట మునిగిన వీధుల్లాంటి చోట, యంత్రంతోపాటు దాని జ్ఞాపకమూ మునుగుతుంది. అందుచేత నెలకొకసారి ఒక ప్రతిని వేరే ఊళ్ళోని యంత్రానికి పంపండి. మన సి-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా డెబియన్ పునాది మీద కట్టిందే. దాన్ని వాడే కార్యాలయాలవారు ఈ గడువు ఎంత ఉందో ఈరోజే తెరిచి చూసుకోవడం మంచిది.