దారి చెప్పండి, చాలు

మద్రాసులో తెలుగు సినిమావాళ్లు బతికిన వీధుల జ్ఞాపకాలు పోగుచేస్తున్నాను. పాతవాళ్లను కలిసినప్పుడు సినిమాల సంగతి మాత్రం ఎత్తను. ఎత్తితే వారపత్రికల్లో అచ్చయి, టీవీల్లో అరిగిపోయిన కథలే వస్తాయి. ‘మాయాబజార్’ ఎలా తీశారో ఆ సెట్లో మేకు కొట్టనివాళ్లూ చెప్పగలరు. అందుకే దారి అడుగుతాను. పొద్దున్నే బయల్దేరి వడపళని స్టూడియోలకు ఎలా వెళ్లేవారు? నడకా, బస్సా? టిఫినెక్కడ? అప్పెవరిచ్చేవారు?

అప్పుడు వాళ్ల సొంత మాట బయటికొస్తుంది. కోడంబాక్కంలో వంతెన కట్టకముందు రైలు గేటుండేది. గేటు పడితే టి.నగర్ నుంచి స్టూడియోలకెళ్లే తారల కార్లూ ఆగాల్సిందే. వాళ్లను చూడ్డానికే జనం అక్కడ కాపు కాసేవారు. అభిమానికి అది పండగ, పనికెళ్లే లైట్‌బాయ్‌కి గుండెదడ. రెండూ రాసుకుంటాను, ఏది నిజమని తేల్చను.

ఏ సంవత్సరమంటే ఎవరూ చెప్పలేరు. ‘పాతాళభైరవి’కి ముందా, తర్వాతా అంటే టక్కున చెబుతారు. ఆ సినిమా 1951లో వచ్చింది కనుక లెక్క నేను కట్టుకుంటాను.

కాగితమిచ్చి వీధి గీయమంటే ఇంకా మేలు. విజయా వాహినీ స్టూడియో ఫ్లోర్లున్న చోట 2013లో మాల్ తెరిచారు. ఓ పెద్దాయన గీసిచ్చిన వీధిలో మాల్ లేదు. ఫ్లోర్లున్నాయి, పక్కన చందమామ పత్రిక ఆఫీసుంది. విజయా అధినేతలు నాగిరెడ్డి, చక్రపాణి సినిమాలూ తీశారు, 1947 నుంచి చందమామనూ నడిపారు. కాబట్టి సెట్టుకు రంగులేసేవాళ్లూ, విక్రమార్కుడి భుజాన బేతాళుణ్ణి గీసేవాళ్లూ ఒకే చుట్టుపక్కలవాళ్లు. మన సినిమా చరిత్రలు ఈ ఇరుగుపొరుగును పట్టించుకోవు. తారల బంగళాలకిచ్చిన చోటులో పదోవంతైనా అద్దె గదులకివ్వవు.

నాకు ఇంకో ఫిర్యాదుంది. ఆ వీధుల్లో అన్నం పెట్టిన మెస్సువాళ్లు, వడ్రంగులు, డ్రైవర్లు ఎక్కువమంది తమిళులు. మనవాళ్ల జ్ఞాపకాల్లో వాళ్లకు పేర్లుండవు. తమిళం మాట్లాడగలను గాని చదవలేను. ఎక్కడైనా పాత మెస్సు పద్దు దొరికితే అక్కడి కుర్రాడెవరిచేతనైనా చదివించుకుంటాను. జీవితచరిత్రల్లో కనపడని మనవాళ్లు అందులో బాకీలతో సహా కనపడతారు.